ఎనిమిదో తరగతికి ఒక గీత తక్కువ

మొన్న మా మనవరాలు లెక్కల నోటుపుస్తకం తెచ్చి ఒళ్లో పడేసింది. ముప్పై ఎనిమిదిని రోమన్ అంకెల్లో రాస్తూ చివర ఒక నిలువు గీత మర్చిపోయింది. "జర నువ్వే పెట్టు తాతా" అని పెన్సిలు నా చేతికిచ్చింది. పాపం, నా చేత్తో పెట్టిన ఒక్క గీత మా ఇంట్లో ఏం చేసిందో దానికేం తెలుసు!

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులవి. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో పనిచేసేవాణ్ణి. సరూర్‌నగర్‌లో కిరాయి ఇల్లు. మా చెల్లె నాతోనే ఉండి, ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పుకుంటూ సర్కారు టీచరు కొలువుకు చదివేది. వయసు దాటిపోకముందు అదే ఆఖరి అవకాశం. స్థానికురాలని నిరూపించడానికి నాలుగు నుంచి పది దాకా ఎక్కడ చదివిందో బడి నుంచి కాగితం తెమ్మన్నారు. నల్గొండ దగ్గర మా ఊరి బడిలోనే చదివిన పిల్ల, అదెంత పని అనుకున్నాం. ఆ బడి గుమాస్తా మహానుభావుడు తరగతులన్నీ రోమన్ అంకెల్లో రాసిచ్చాడు. ఏడుకు VII అని రాసి, కింద ఎనిమిదికీ ఒక గీత మరిచి VII అనే రాసి చేతులు దులుపుకున్నాడు. మామూలుగా 8 అని రాస్తే వాడి సొమ్మేం పోయేది?

మేం అది చూసుకునేసరికి దరఖాస్తుకు ఆఖరి రోజు పొద్దున అయింది. ఊరికి పోదామని ఎల్బీనగర్ చౌరస్తాకు పరుగెత్తితే బంద్. నల్గొండ బస్సు ఒక్కటీ లేదు, రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. మా కొలువులు మాకే కావాలని వాళ్లతో కలిసి గొంతు చించుకున్నవాణ్ణే నేనూ. ఆ పొద్దున మాత్రం గుమాస్తానూ, బంద్‌నూ, రోమన్ అంకెలు కనిపెట్టినవాళ్లనూ కలిపి తిట్టుకుంటూ నడిచి ఇంటికొచ్చాను.

"గట్లనే ఇద్దాం అన్నా, అడిగితే చెప్పుకుందాం" అంది చెల్లె. నేను వింటే కదా! "ఎనిమిది చదివినవా లేదా? గిండ్ల అబద్ధమేముంది?" అని జేబులోంచి పెన్ను తీసి ఆ గీత నేనే గీశాను. బడివాళ్ల సిరా నలుపు, నాది నీలం. ఆ ఆవేశంలో అది కూడా కనబడలేదు.

సాయంత్రంలోగా దరఖాస్తులు తీసుకునే ఆఫీసుకు నడిచే పోతే, అక్కడి పెద్దమనిషి కాగితాన్ని వెలుగుకు పెట్టి చూసి, దిద్దిన సర్టిఫికెట్ అని రాసి దరఖాస్తు తిరస్కరించాడు. కాళ్లావేళ్లా పడ్డాను. నిజమే రాశానన్నాను. "నిజమైతే బడోళ్లు రాయాలె, నువ్వెవరివయ్యా?" అన్నాడు. మర్నాడు పేపరు చూస్తే, బంద్ వల్ల గడువు వారం పొడిగించారట! ఒకసారి తిరస్కరించింది మాత్రం మళ్లీ తీసుకోరట. ఆ పేపరు ముక్కలు ముక్కలుగా చింపినా కోపం చల్లారలేదు. ఎట్లా చల్లారుతుంది, అది నా మీద నాకున్న కోపం.

చెల్లె టిఫిను డబ్బా పట్టుకుని ఎప్పట్లాగే ప్రైవేటు బడికి పోయింది. నాలుగు తిట్టినా బాగుండేది. రాష్ట్రం వచ్చిన రోజు దిల్‌సుఖ్‌నగర్‌లో అందరితో పాటు నేనూ గులాల్ పూసుకున్నాను, కానీ అప్పటికే ఆమె వయసు దాటిపోయింది. ఇప్పుడా ఎల్బీనగర్ చౌరస్తాలో మెట్రో, వంతెనలు వచ్చాయి. ఏ అంకెను ఏ అంకెలోకైనా ఫోనే మార్చిపెడుతుంది, కాగితం కోసం ఊరికి పోయే పనీ లేదు. చెల్లె మాత్రం ఇంకా ఆ ప్రైవేటు బడిలోనే చెబుతోంది.

పెన్సిలు మనవరాలికి తిరిగిచ్చేసి, నువ్వే పెట్టుకో బిడ్డా అన్నాను. అది చదివేది మా చెల్లె దగ్గరే. క్లాసులో రోమన్ ఎనిమిది వచ్చినప్పుడల్లా ఆమె పిల్లల పక్కన నిలబడి, గీతల మీద వేలు పెట్టించి లెక్కబెట్టిస్తుందట. "మూడున్నయా? మళ్లొకసారి చూడు" అంటుందట.