ఎనిమిదికి ఎనిమిది

జవళగిరిలో సైకిలంటే శ్రీరంగప్పే. పంక్చరు మొదలు ఫ్రేము వంకర వరకూ ఆయన చెయ్యి పడితే దారికి రావలసిందే. ఆ ధీమాతోనే మీనా గేర్ల సైకిలును కూడా "పెట్టి పోమ్మా, చూస్తాను" అని తీసుకున్నాడు. అక్కడే ఇరుక్కున్నాడు.

మీనాకు హోసూరు కంపెనీలో పని. కంపెనీ బస్సు ఊళ్ళోకి రాదు, మిట్టకు అవతల తళి రోడ్డు మీద ఆగుతుంది. ఆమెకు మోకాలి నొప్పి, నడిచి మిట్టెక్కలేదు. వెనక ఉన్న పళ్ళ చక్రాలు ఎనిమిదింటిలో అన్నిటికన్నా పెద్దదాని మీదికి గొలుసు ఎక్కితేనే తొక్కగలదు. గొలుసును అలా జరిపే డిరైలర్ కాస్తా గుంతలో పడి విరిగింది.

"సోమవారం కూడా బస్సు తప్పితే పనికి రావద్దన్నారన్నా" అని చెప్పి వెళ్ళింది.

శ్రీరంగప్ప పుట్టుకతో రైతు. సంతలో ఎద్దుల జోడీ చూసినట్టే చూశాడు. హ్యాండిల్ మీది గేరు మీటకు ఎనిమిది టిక్కులు. బెంగళూరు పాత సామాన్లలో దొరికిన డిరైలర్ వేరే కంపెనీదైతేనేం, అదీ ఎనిమిది గేర్లదే. ఎనిమిదికి ఎనిమిది! ఇంతకన్నా జోడీ ఏం కావాలి?

బిగించాడు. మొదటి రెండు మూడు గేర్లు బాగానే పడ్డాయి. ఆ తర్వాత గొలుసు రెండు చక్రాల మధ్య నిలబడి కటకటలాడింది. పెద్ద చక్రం ఛాయలకే పోలేదు. మీట నుంచి డిరైలర్‌ను లాగే తీగ బిగిస్తే పెద్దది అందింది, చిన్నవి పోయాయి. వదులు చేస్తే చిన్నవి వచ్చాయి, పెద్దది పోయింది. తీగ మార్చాడు, గొలుసు మార్చాడు. అదే కటకట. ఆదివారానికి తల ప్రాణం తోకకొచ్చింది. సైకిలు మీద కోపం, తన మీద ఇంకా కోపం, మీనా పని పోతుందేమోనని భయం.

భార్య నంజమ్మ కాఫీ తెచ్చింది. "ఏమయ్యా, గాలి సోకినట్టు కూచున్నావే?"

"లెక్క సరిగ్గానే ఉండాది. ఈడ ఎనిమిది, ఆడ ఎనిమిది. యాడ తప్పిందో తెలీలేదు."

నంజమ్మ నవ్వింది. "మా నాయన నోట్లో ఎనిమిది పండ్లూ సరిచూసి ఎద్దుల జోడీ తెచ్చినాడు. ఒకటి బారెడు అడుగేసె, ఇంకోటి జానెడు. మడక దున్నిన చాలంతా వంకర పోయె. పండ్లు లెక్కపెడితే అడుగు తెలుస్తుందా?"

శ్రీరంగప్ప కాఫీ పక్కన పెట్టి మీటను ఒక్కో టిక్కే నొక్కాడు. ప్రతిసారీ డిరైలర్ కాస్త వెనకబడుతోంది, ఆ కాస్తా పెరుగుతోంది. ఈ మీట లాగే కొలత ఒకటి, ఆ డిరైలర్ అడిగే కొలత ఇంకొకటి! కంపెనీలన్నీ ఒకే కొలత పెట్టుకుంటే ఏం పోయేదో ఆయనకు బోధపడలేదు. మళ్ళీ బెంగళూరు పోయి వచ్చే వ్యవధి లేదు. పాత డబ్బాలో టిక్కులే లేని మీట ఒకటుంది, ఎంత తిప్పితే అంతే లాగుతుంది. అది బిగించాడు.

సోమవారం తెల్లవారగానే మీనా వచ్చి మీట తిప్పి చూసింది. "టిక్కు రాలేదే అన్నా! ఏ గేర్లో ఉండానో ఎట్ల తెలిసేది?"

"నాకూ తెలీదమ్మా. కటకట నిలిచేదాకా తిప్పు. మోకాలు నొయ్యకుంటే అదే గేరు."

ఆమె నమ్మీ నమ్మనట్టు చూసి ఎక్కింది. మిట్ట సగంలో గొలుసు కటకటలాడింది. శ్రీరంగప్ప రోడ్డు మీదికి వచ్చాడు. ఆమె చెయ్యి మీట మీద కాస్త కదిలింది, చప్పుడు ఆగింది. దిగకుండానే మిట్ట దాటి కనుమరుగైంది.

అవతల బస్సు హారను మోగింది. అది వచ్చిన హారనో, వెళ్ళిపోయిన హారనో ఆయనకు తెలియలేదు. మీనా వెనక్కి వస్తుందేమోనని ఎండ ఎక్కేదాకా రోడ్డు మీదే నిలబడ్డాడు. ఆమె రాలేదు.