అత్తకు కనబడిన గీత

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజుల్లో నేను పుదుచ్చేరిలో ఎమ్మెస్సీ ఫిజిక్సు చివరి ఏడు చదువుతున్నాను. ముదలియార్‌పేటలో మా ఇల్లు. అమ్మా నాన్నలతో పాటు ఆ ఏడు మేనత్త కూడా మా దగ్గరే ఉండేది. మామ పొలంలో ఉండగానే గుండె ఆగి పోవడంతో నాన్న వెళ్లి ఆమెను తీసుకొచ్చాడు. ఒకప్పుడు ఇల్లంతా తనే మాట్లాడే మనిషి, వెనకగదిలో గోడవైపు తిరిగి పడుకునేది. పిలిస్తే వచ్చి తినేది, మళ్లీ వెళ్లి పడుకునేది.

నా ప్రాజెక్టు కాస్మిక్ కిరణాల మీద. అంతరిక్షం నుంచి వచ్చే ఆ కణాల జాడను కళ్లతో చూపించే పెట్టె ఒకటి తయారు చేయాలి. చేపల తొట్టిని బోర్లించి, లోపల పైభాగాన ఆల్కహాలులో తడిపిన గుడ్డ అతికించాను. కింద నల్లరేకు, దాని కింద ఐస్‌క్రీం ఏజెన్సీ నుంచి తెచ్చిన డ్రై ఐస్. ఆవిరి కిందికి దిగి చల్లబడుతుంది. అందులోంచి కణం దూసుకుపోతే, అది పోయిన దారి వెంట సన్నని మంచుగీత ఏర్పడాలి.

కాలేజీలో పెట్టె ఎన్నిసార్లు పెట్టినా ఒక్క గీతా కనబడలేదు. ల్యాబులో వెలుతురు ఎక్కువేమోనని ఇంటికి తెచ్చుకున్నాను. ఇంట్లో చీకటి చేయడానికి వీలైన గది అత్తదొక్కటే.

“నీ గదిలో పెట్టుకుంటానత్తా, కొంచెం సేపు,” అన్నాను.

“పెట్టుకో పాపా, నాకేంది,” అని గోడవైపే తిరిగి అంది.

మధ్యాహ్నం కిటికీకి దుప్పటి కట్టి టార్చి వేశాను. ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో జారిపోతున్న రేకు పట్టుకోవడం నా వల్ల కాలేదు. అమ్మ బజారుకు పోయింది. మొహమాటపడుతూనే అత్తను లేపాను. ఆమె వచ్చి కూర్చుని, నేను చెప్పినట్టు పైనుంచి టార్చి పట్టుకుంది. మంచుపొగ తప్ప ఏమీ లేదు. నాకు ఏడుపొచ్చేలా ఉంది. కాసేపటికి అత్త చెయ్యి నొప్పిపుట్టి టార్చిని కిందికి దించి, రేకుకు ఆనించి పట్టుకుంది.

“పాపా, అదేంది? నూలుపోగు మాదిరి పోయింది!”

వంగి చూశాను. పక్కనుంచి పడుతున్న వెలుతురులో నల్లరేకు మీద తెల్లని గీత ఒకటి తిన్నగా కనబడి, మెల్లగా కరిగిపోయింది. తర్వాత ఇంకోటి. నేను కేక పెట్టాను.

“ఇది యాడనించి వస్తాది?” అంది అత్త.

చెప్పడం మొదలుపెట్టాను. పెద్ద నక్షత్రం పేలితే, ఆ పేలుడు అల అంతరిక్షంలోకి విస్తరిస్తుంది. చిన్న కణం ఆ అలలో చిక్కుకుని అటూ ఇటూ దాటుతూ, దాటిన ప్రతిసారీ ఇంకాస్త వేగం పుంజుకుంటుంది. రెండు గోడలు ఒకదాని వైపు ఒకటి జరుగుతుంటే మధ్యన బంతి తట్టుకుని తట్టుకుని వేగం పెంచుకున్నట్టు. చాలావాటికి వేగం అలాగే వస్తుందని శాస్త్రవేత్తల నమ్మకం. బయటపడ్డాక కూడా తిన్నగా రాదు. పాలపుంతలోని అయస్కాంత శక్తి దాన్ని వంచి వంచి లక్షల ఏళ్లు తిప్పుతుంది. అందుకే వచ్చిన దిక్కును బట్టి అది ఎక్కడ పుట్టిందో చెప్పలేం.

“అన్నేళ్లు తిరిగి మన పెట్టెలోకి వచ్చిందా, పావం!”

“ఇది అదే కాదత్తా. అది పైన గాలిని గుద్దుకోని పగిలిపోతాది. దాంట్లోనించి పుట్టినదానికి పుట్టింది ఇది.”

“అట్టయితే మనవరాలు అను.”

నవ్వాను. అత్త కూడా నవ్వింది. మా దగ్గరికి వచ్చాక ఆమె నవ్వు వినడం అదే మొదటిసారి.

“మనల్ని కూడా దాటుకోని పోతాదా?”

“ఇప్పుడు కూడా పోతానే ఉంది.”

అత్త అరచేయి తిప్పి చూసుకుంది. డ్రై ఐస్ అయిపోయేదాకా ఆమె పెట్టె వదల్లేదు. బజారు నుంచి వచ్చిన అమ్మను చెయ్యి పట్టి లాక్కొచ్చి, “వదినా, దా దా, సూడు,” అని కూర్చోబెట్టింది.

కాలేజీలో సైన్సు ప్రదర్శన పెట్టినప్పుడు టార్చి పట్టే పని అత్తే అడిగి తీసుకుంది. నాకంటే ముందే చీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. వచ్చినవాళ్లకు నేను ఇంగ్లీషు కలిపి వివరిస్తుంటే, సోలై నగర్ నుంచి పిల్లలతో వచ్చిన ఆడవాళ్లకు ఆమె తమిళంలో చెప్పేది. నక్షత్రం పేలడం దగ్గర మొదలుపెట్టి మనవరాలి దాకా వచ్చేది. వాళ్లు ఆమె చుట్టూనే చేరారు. ఒకామె “ఇది ఒంటికి చెడుపు చెయ్యదా అక్కా?” అని తమిళంలో అడిగింది. అత్త నా వైపు చూసింది. నేలమీద మనకు తగిలేది కొంచెమే, మనుషులు పుట్టినప్పటి నుంచీ అందులోనే బతుకుతున్నారని చెప్పాను. అత్త ఆ మాట ఆమెకు రెండుసార్లు చెప్పింది, గట్టిగా.

నా ప్రాజెక్టుకు మంచి మార్కులే వచ్చాయి. ఆ ఏడు తమిళుల ఆడి నెలలో వీరాంపట్టినం అమ్మవారి తేరు చూడ్డానికి పోతానని అత్త నాన్నతో అంది. తోడు రానా అని అడిగితే వద్దంది. టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని, వీధి చివర బస్సు ఆపి ఎక్కింది.