మా ఆయన కళ్ల ఫికర్

మా స్టూడియోలో ఒక పద్ధతి ఉంది. పెళ్లిలో మా ఆయన తీసిన ఫొటోలు నేను ఏరాలి, నేను తీసినవి ఆయన ఏరాలి. తను తీసిన ఫొటోను తనే తీసేయాలంటే ఎవరికీ చెయ్యి రాదు. అంత తోపులాటలో చెమటలు కక్కుతూ తీశాం కదా, ఉండనీలే అనిపిస్తుంది. ఎదుటివాళ్లకు ఆ మొహమాటం ఉండదు. చేవెళ్ల బస్టాండు దగ్గర స్టూడియో కోసం ఈ మడిగె కిరాయికి తీసుకున్న కొత్తలోనే ఆయన ఈ పద్ధతి పెట్టాడు. నావి జాలీ దయా లేకుండా తీసేసేవాడు. నేనూ తక్కువ తినలేదు.

ఆలూరులో ఒక పెళ్లి చేసి వచ్చాక మర్నాడు ఆయన ఫొటోలు ముందేసుకుని కూర్చున్నాను. జీలకర్ర బెల్లం పెట్టి అడ్డుతెర దించిన క్షణంలో పెళ్లికొడుకు ముఖం. ఏ ఫొటో అయినా నేను ముందు కళ్లే చూస్తాను. కళ్లు మసగ్గా ఉన్నాయి. స్క్రీన్ మీద పెద్దది చేశాను. ఫోకస్ చూడాలంటే నాకు కెమెరాలో చూసినట్టు ఎడమకన్ను మూసి కుడికంటితో చూడటం అలవాటు. అలా చూశాను. ఇంకా మసక. తర్వాతి ఫొటో కూడా అంతే, ఆ తర్వాతిదీ అంతే.

ఈయన ఫోకస్ తప్పించడమా? కదులుతున్న బరాత్‌లో, ఊగే లైట్ల కింద కూడా కనురెప్ప వెంట్రుకలు లెక్కపెట్టుకునేట్టు తీసే మనిషి. తీసేద్దామంటే పెళ్లికి ఫొటోలే మిగలవు. అన్నీ ఉంచేశాను, ఆయనకు ఒక్క ముక్క చెప్పలేదు. ఆల్బం ఇచ్చిన రోజు పెళ్లివాళ్లు మెచ్చుకున్నారు కూడా. వీళ్లకేం తెలుసు అనుకున్నాను.

నా భయానికి కారణం ఉంది. మా మామకు, అంటే మా ఆయన తండ్రికి, షుగర్‌తో చూపు పోయింది. మొదట్లో ఆయన కూడా ఎవరికీ చెప్పలేదు. పొలం గట్టు మీద నుంచి పడ్డాకనే ఇంట్లో తెలిసింది. అదే రక్తం కదా, అదే మొండితనం కదా అని నాకు నిద్ర కరువైంది. కళ్లు పోతే మా ఆయన ఏం చేస్తాడు? ఆయనకు ఇంకో పని రాదు. పని మాట అటుంచి, కెమెరా లేకపోతే ఆ మనిషికి చేతులెక్కడ పెట్టుకోవాలో కూడా తెలియదు. పెళ్లికి చుట్టంగా వెళ్లినా భోజనం దగ్గర కూర్చోకుండా ఫొటోగ్రాఫర్ వెనకాల నిలబడతాడు.

ఆయన చాయలో చక్కెర మానిపించాను. మిగిలిన చక్కెర నా చాయలో వేసుకున్నాను. నెలనెలా రక్తపరీక్ష చేయించాను. "నాకేమైందే? మంచిగనే ఉన్న గద!" అని విసుక్కునేవాడు. రిపోర్టు బాగుందని చెబితే ఆ పరీక్ష మీదే నాకు అనుమానం వచ్చేది.

ఒకసారి అనుమానం పడ్డాక అన్నీ దానికి సాక్ష్యాలే. ఎన్నడూ లేనిది, స్కూటీ తాళం నా చేతిలో నుంచి తీసుకోవడం మొదలుపెట్టాడు. మొయినాబాద్ దాకా నేనే నడిపేదాన్ని, ఇప్పుడు తనే నడుపుతానంటాడు. చూపు తగ్గినవాళ్లకు పంతం ఎక్కువవుతుందేమో అనుకున్నాను. బీజాపూర్ రోడ్డు మీద ఎదురుగా లారీ వస్తుంటే వెనక కూర్చుని నేను ప్రాణాలు అరచేతిలో పెట్టుకునేదాన్ని. "లారీ! లారీ వస్తున్నది!" అని ఆయన భుజం గిల్లేదాన్ని.

"కండ్లున్నయే నాకు!" అని అరిచేవాడు.

ఆ మాటకు నాకు ఏడుపొచ్చేది. హెల్మెట్ ఉండటం మంచిదైంది.

అన్నిటికన్నా నన్ను కుంగదీసింది మొయినాబాద్ ఫాంహౌస్‌లో జరిగిన పెళ్లి. మామూలుగా మండపంలో ఆయన పెళ్లికొడుకు వైపు ఉంటాడు, నేను పెళ్లికూతురు వైపు. పదిహేనేళ్లుగా ఆ చోట్లు మారలేదు. ఆ రోజు పుస్తె కట్టే సమయానికి ఆయన తన చోటు వదిలి వచ్చి నా భుజం వెనక నిలబడ్డాడు. నేను తీసిందే తనూ తీస్తున్నాడు. అటువైపు నుంచి కనబడక ఇటు వచ్చాడని నాకు అర్థమైంది. మరి పెళ్లికొడుకును ఎవరు తీస్తారు? నేను అటు పరుగెత్తాను. తలంబ్రాలప్పుడు నేను ఆయన వెనక చేరి ఆయన తీసిందే తీశాను. కాసేపటికి చూస్తే ఆయన మళ్లీ నా వెనక ఉన్నాడు.

పెళ్లికూతురు మేనత్త నవ్వు ఆపుకోలేక, "అక్కా, లగ్గం మీదా, వాళ్లదా? మీరిద్దరే చుట్లు తిరుగుతున్నరు!" అంది. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. మేమిద్దరం మాత్రం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

ఇక లాభం లేదని ఒక ఎత్తు వేశాను. కళ్ల దవాఖానకు పోదామంటే ఆయన రాడు. కాబట్టి నాకే బాగాలేదని చెప్పాలి. తీరా అక్కడికి పోయాక ఆయన్నీ కూర్చోబెట్టొచ్చు.

"నా కండ్లు జర మంటలు లేస్తున్నయ్. మెహిదీపట్నం పోయి చూపించుకుందామా?" అన్నాను, స్టూడియో వెనక గదిలో ఉల్లిగడ్డ కోస్తూ.

లగ్గాల సీజన్. కాలేజీ పిల్లలు పాస్‌పోర్టు ఫొటోల కోసం బయట నిలబడి ఉన్నారు. కాదంటాడు, తర్వాత అంటాడు అనుకున్నాను. ఆయన ఆ పిల్లల ఫొటోలు గబగబా తీసేసి, షటర్ దించి, "నడువు" అన్నాడు. ఇంత సులభంగా ఒప్పుకోవడం నాకు నచ్చలేదు. పెళ్లాం బాధ అంటే ఎంత తొందర, తన బాధ మాత్రం కడుపులో దాచుకుంటాడని లోపల తిట్టుకున్నాను.

దవాఖానలో ఆయన నీళ్లు తాగడానికి పోయినప్పుడు రెండు చీటీలు రాయించాను, ఒకటి నాకు, ఒకటి ఆయనకు. ముందు నన్ను పిలిచారు. మంచిదే, నాది చప్పున అయిపోతుంది, తర్వాత ఈయన్ని కుర్చీలో కూలేయాలి అనుకుంటూ లోపలికి వెళ్లాను. ఆయన వెంటే వచ్చి నా వెనక స్టూలు మీద కూర్చున్నాడు.

డాక్టరమ్మ నా ఎడమకన్ను మూసి, ఎదురుగా గోడ మీద వెలుగుతున్న అక్షరాలు చదవమంది. పైన పెద్ద అక్షరం చదివాను. దాని కింది వరుసా చదివాను. మూడో వరుసలో నేను ఏ అక్షరాన్ని సూటిగా చూస్తే అదే కరిగిపోతోంది. పక్కవి ఉన్నాయి, చూసింది లేదు. బల్బు దుమ్ము పట్టిందేమో అనుకున్నాను.

"చెప్పండి మేడం," అంది డాక్టరమ్మ.

వెనక నుంచి గుసగుసగా వినబడింది. "గ..."

"గ," అన్నాను.

"ద... ల..."

బడిలో పక్క పిల్లను చూసి రాసినట్టు నేనూ "ద, ల" అన్నాను. ఆయన ఆగలేదు. నాలుగో వరుసకు పోయాడు, ఐదుకు పోయాడు. అట్టడుగున నాకు ఉత్త బూడిద గీతలా ఉన్న వరుసను అంత దూరం నుంచి గడగడా చదివేశాడు.

నేను నమ్మలేకపోయాను. ఆయన కళ్లు బాగున్నాయి! నెలల తరబడి నా ఛాతీ మీద ఎక్కి కూర్చున్న బండ దిగిపోయింది. నవ్వుతూ వెనక్కి తిరిగాను. ఆయన ముఖం తడిసిపోయి ఉంది. పెదవులు ఇంకా ఆ అక్షరాల్నే పలుకుతున్నాయి, ఎలాగైనా నన్ను పాస్ చేయించాలని.

ఆ ముఖం చూశాకే నా సంగతి నాకు అర్థమైంది.

"సార్, పరీక్ష మీకు కాదు," అంది డాక్టరమ్మ మెల్లగా.

నా కళ్లలో మందు చుక్కలు వేసి, లైటు పెట్టి చూసింది. కంటి వెనక పొరకు నీరు పట్టిందట. కుడికంటికి ఎక్కువ, ఎడమకూ మొదలైందట. కంట్లోకి సూదులు వేస్తారట, పోయిన చూపు ఎంత తిరిగొస్తుందో ఇప్పుడే చెప్పలేమంది. "షుగర్ ఎప్పుడు చూపించుకున్నారు?" అని అడిగింది. ఆయనకు నెలనెలా చూపిస్తున్నానని చెప్పాను. నాది ఎన్నడూ చూపించుకోలేదు.

"నీకెప్పట్నుంచి ఎరుక?" అని ఆయన్ని అడిగాను. నాకు కోపంగా ఉంది, భయంగా ఉంది, ఏది ముందో తెలియడం లేదు.

"ఆలూరు లగ్గం కాడ్నుంచి. నువ్వు తీసినవి ఏరుతుంటే తెలిసింది. పెళ్లిపిల్ల ముఖం ఇడిసిపెట్టి వెనక పూలకు పెట్టినవ్ ఫోకస్. నీకెట్ల చెప్పాల్నో నాకు తెల్వలే."

ఇంతలో రెండో చీటీ పిలిచారు. "నాకెందుకే?" అన్నాడు. కూర్చోమన్నాను. మందు చుక్కలకు నా రెండు కళ్లలో గది మొత్తం పాలు ఒలికినట్టుంది. ఆయన కూర్చుని నా మాట కాదనలేక పై వరుస నుంచి కింది వరుస దాకా, ఒక్కో అక్షరం గట్టిగా చదివాడు. నేను గోడ వైపు చూసి లాభం లేదు.

"సరిగ్గ సదువుతున్నడా, అమ్మా?" అని డాక్టరమ్మను అడిగాను.