బీరువాలో బ్యాకప్

మెదక్‌లో ఫొటో స్టూడియో నడిపే నర్సింగం, ఊళ్లో సగం పెళ్లిళ్లకు తానే కాపలా అనుకుంటాడు. ఫొటోలన్నీ దుకాణంలోని నెట్‌వర్క్ పెట్టెలో ఉంటాయి. రోజూ రాత్రి పదింటికి ఆ పెట్టె వాటిని పక్కనున్న హార్డ్‌డిస్కులోకి దానంతటదే కాపీ చేయాలి. అసలే తెలంగాణ ఉద్యమం రోజులు. ఏ పూట బంద్ అంటారో, ఏ షట్టరు మీద రాయి పడుతుందో తెలియదు. అందుకని ఎనిమిదింటికి దుకాణం మూస్తూ డిస్కును ఊడదీసి, తువ్వాలలో చుట్టి, టిఫిన్ సంచిలో ఇంటికి తెచ్చి, బీరువాలో బంగారం పక్కన పెట్టి, తాళం రెండుసార్లు లాగి చూస్తాడు. పొద్దున్నే వెళ్లి తగిలిస్తే తెర మీద ఎర్రటి అక్షరాలు: బ్యాకప్ ఫెయిల్. కేబుళ్లు మార్చాడు, కొత్త డిస్కు కొన్నాడు, ఏడుపాయల అమ్మకు మొక్కుకున్నాడు.

ఒక మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, ఆ పెట్టె అమర్చిన హైదరాబాద్ ఇంజినీరుకు ఫోన్ చేశాడు. "సారూ, పదింటికే టైం పెట్టిన. రోజూ ఫెయిలే. మస్తు పరేషాన్ అయితున్న."

వడ్డిస్తున్న భార్య బాలలక్ష్మి గరిటె ఆపింది. "పదింటికి డిస్కు మన బీరువాల ఉంటది గదా! గా పెట్టె ఇంటిదాంక నడిసొచ్చి కాపీ చేస్తదా?"

నర్సింగం "మళ్ల చేస్త సారూ" అని ఫోన్ పెట్టేశాడు. ఆ సాయంత్రం గుండె రాయి చేసుకుని డిస్కును దుకాణంలోనే వదిలేశాడు. మనసొప్పక, దాన్ని పెట్టెకు కలిపే కేబులును మాత్రం తువ్వాలలో చుట్టి ఇంటికి తెచ్చి, బీరువాలో పెట్టి, తాళం రెండుసార్లు లాగి చూశాడు.