అవ్వ తుడిచిన వేపచెట్టు

వేసవిలో మొదటి గాలివాన కొట్టిన మర్నాడు తెల్లారేసరికే నా ఫోను మోగుతుంది. పటాన్‌చెరులో ఫ్యాక్టరీ గేటు మీద గుల్‌మొహర్ కొమ్మ విరిగిపడిందని ఒకరు, ఇస్నాపూర్‌లో కిరాయి గదుల మీదికి సుబాబుల్ చెట్టు ఒరిగిందని ఇంకొకరు. ప్రార్థన ముగించి, చాయ తాగి, తాళ్లు, రంపాలు, చైన్ మిషన్ బండిలో వేసుకుని బయలుదేరతాను. మామూలు రోజుల్లో ఇంత హడావిడి ఉండదు. ఫ్యాక్టరీల్లో లాన్ కత్తిరించడం, ప్రహరీ వెంట మొక్కలు నాటడం, పెద్దసార్లు వస్తున్నారంటే ఎండిన చోట రాత్రికి రాత్రి పచ్చగడ్డి పరచడం. ఆ రసాయనాల వాసన మధ్య కూడా ఒక కానుగ మొక్క చిగురు తొడిగితే నాకు స్తోత్రం చెప్పాలనిపిస్తుంది. చెప్తాను కూడా, పైకే. గేటు దగ్గరి బిహారీ సెక్యూరిటీ అతను నేను ఫోను మాట్లాడుతున్నాననుకుంటాడు.

నాతో పనిచేసే మనిషి ఒకడున్నాడు. చుట్టరికం ఏమీ లేదు, అన్నా అని పిలుస్తాడు, తమ్మీ అని పిలుస్తాను. మాది కొండాపూర్ మండలంలో ఒకే ఊరు. నేను చెట్టెక్కితే కింద తాడు పట్టేది అతనే. మా చర్చి సంఘంలో నేను చిన్నప్పటి నుంచీ వాక్యం విని పెరిగినవాణ్ణి. అతను బండికి నిమ్మకాయ కట్టనిదే తాళం తిప్పడు. శనివారం అతను మాంసం ముట్టడు, ఆదివారం నేను పని ముట్టను. మిగిలిన రోజుల్లో మా ఇద్దరికీ ఏ పేచీ లేదు.

మా వైపు పసుపు కుంకుమ పెట్టిన వేపచెట్టు మీద కత్తి వేయడానికి ఎవరూ ముందుకు రారు. చెట్టు ఇంటి మీదికి ఒరిగినా సరే, ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. చివరికి ఎవరో నా పేరు చెప్తారు. "ఆయన చర్చికి పోతడు, ఆయనకేం గాదు" అంటారు. పోచమ్మ తల్లి నా జోలికి రాదని వాళ్లకు నాకంటే ఎక్కువ నమ్మకం. చెట్టు కింద ఉండే ఆ తల్లి రాయికి నేను మొక్కను. కానీ దాని మీద రంపపు పొట్టు పడకుండా గోనెసంచి కప్పుతాను. పక్కవాడు ప్రాణంగా చూసుకునే దాన్ని కాలితో తన్నమని మా చర్చి అయ్యగారు ఏ ఆదివారమూ చెప్పలేదు.

లక్డారం నుంచి పిలుపు వచ్చింది అలాంటి చెట్టు గురించే. ఇంటి పెద్దకొడుకు ఫోను చేశాడు. పొలాలున్న కుటుంబం, ఆయన మాత్రం ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. ఆ మధ్యాహ్నమే వెళ్లి చూశాం. వాకిట్లో పెద్ద వేప. దాని మొదట్లో పోచమ్మ రాయి. మనిషి నడుమంత లావున్న కొమ్మ ఒకటి పంగ దగ్గర చీలి, రేకుల గది మీదికి వేలాడుతోంది. ఆ గదిలో ఆయన కూతురు, పురిటికి వచ్చింది, పసిగుడ్డుతో పడుకుని ఉంది. ముందు వాళ్లను పక్కింటికి మార్చమన్నాను. వెంటనే మార్చారు.

"కొమ్మ ఒక్కటి గాదు, మొత్తం తీసేద్దాం" అన్నాడాయన. "పక్క వెంచర్ల జేసీబీ నడుస్తున్నది. మాట్లాడిన. రేపు పగటాల్ల వస్తనన్నడు."

చెట్టు కింద మంచం మీద వాళ్లమ్మ కూర్చుని ఉంది. బక్కపలచని మనిషి, చేతినిండా పచ్చబొట్లు.

"చెట్టు పోతే నేను యాడ కూసోవాలె రా? నీ కూలర్ ముంగటనా?" అంది.

"అమ్మా, రేపు ఇంకో కొమ్మ ఇరిగి పోరి మీద పడ్తే?"

"పడ్తదా బిడ్డా?" అని అవ్వ నన్నడిగింది.

నేను చుట్టూ తిరిగి చూశాను, ఎక్కి తట్టి చూశాను. మిగతా చెట్టు గట్టిగా ఉంది. ఆ చీలిన కొమ్మ ఒక్కటే బరువు. దాన్ని రేకుల మీద పడకుండా ముక్కలు ముక్కలుగా దించగలిగితే చెట్టుకు ఢోకా లేదని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించాడు. ఆయన్ను తప్పుపట్టలేను. మనవరాలు పుట్టి నెల కూడా కాలేదు.

"సరే, రేపు పొద్దుగాల దించుండ్రి. దించకపోతే జేసీబీనే" అన్నాడు.

అవ్వ లేచి వచ్చి చెట్టుకు చెయ్యి ఆనించి నిలబడింది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ప్రతి శుక్రవారం ఆ మొదట్లో దీపం పెడుతోందట. చెట్టు ఉంటుందా పోతుందా అన్నది ఇక మా చేతుల్లో ఉంది.

మర్నాడు ఎండ ముదరకముందే చేరుకున్నాం. నేను ఎప్పటిలాగే చెట్టు మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని ప్రార్థన చేశాను. నన్ను, తాడు పట్టేవాణ్ణి, ఈ ఇంటిని కాపాడమని అడిగాను. కళ్లు తెరిస్తే అవ్వ ఎదురుగా ఉంది.

"మీ దేవునికి చెప్పుకున్నవా?"

"చెప్పుకున్న అవ్వా."

"మా దిక్కు కూడ చెప్పినవా?"

"మీ ఇంటి గురించే చెప్పిన."

"ఇగ ఎక్కు" అంది.

మేం పనిచేసే తీరు ఇది. నా నడుముకు కట్టిన తాడు పైన బలమైన పంగ మీదుగా కిందికి వస్తుంది. కింద తమ్ముడు దాన్ని నేలలో పాతిన రాతి కడీకి ఒక చుట్టు వేసి పట్టుకుంటాడు. నేను కదిలేకొద్దీ వదులుతాడు, జారితే బిగిస్తాడు. వాకిట్లో పాత కొట్టం తాలూకు కడీ ఒకటి ఉంది, గట్టిది. తాడు చుట్టను చెట్టు మొదట్లో పడేసి, ఒక కొస పైకి విసిరి, ఎక్కడం మొదలుపెట్టాను. మాను నిండా పసుపు ఉంది. అలాంటి చెట్లు ఎన్నో ఎక్కాను కాబట్టి ఆ పసుపును, చేతికంటిన జిడ్డును నేను పట్టించుకోలేదు.

చీలిన కొమ్మ దగ్గరికి చేరి కాలు మార్చబోయాను. బూటు సర్రున జారింది. జారితే తాడు ఆపుతుందని తెలుసు, అందుకే మొదట భయం వేయలేదు. కానీ తాడు ఆగలేదు. నేను కిందికి పోతూనే ఉన్నాను. ప్రభువా అని మాత్రం అనగలిగాను. కింద నుంచి తమ్ముడి కేక వినిపించింది. నడుము దగ్గర ఒక్క గుంజు. మోకాలు మానుకు కొట్టుకుంది. గాలిలో వేలాడుతూ ఆగిపోయాను.

కిందికి చూస్తే తమ్ముడు కడీకి కాళ్లు తన్నిపట్టి నేల మీద కూర్చుని ఉన్నాడు. తాడు నడుముకు చుట్టేసుకున్నాడు. మెల్లగా నన్ను దించాడు. అతని అరచేతుల తోలు లేచిపోయి ఉంది. తాడు ముట్టుకున్నాను. జిడ్డుగా ఉంది. బూటు తిప్పి చూశాను. అడుగంతా నూనె.

"గిదేంది తమ్మీ? చెట్టుకు నూనె యాడిది?"

అతను తల ఎత్తలేదు. "నిన్న పొద్దుగూకినంక నేను మల్ల వచ్చిన అన్నా. అవ్వ, నేను గల్సి పసుపు నూనెల కలిపి పూసినం. చెట్టు కొట్టేముందు చెప్పుకోవాలె గద. నువ్వు మొక్కవు. నీ పేరు మీద నేను మొక్కిన."

నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. ఏది ముందు వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను. నా ప్రాణం కోసం పూసిన నూనె నా బూటుకూ తాడుకూ అంటింది, పూసినవాడే తన చేతులు కాల్చుకుని నన్ను ఆపాడు.

"మొక్కితే మొక్కినవు, మంచినూనె ఎందుకు పోసినవు? కొబ్బరికాయతోని సరిపెట్టకపోయినవా?" అన్నాను.

"కాయ కొడ్తే పొద్దుగాల చిప్పలు నీ కండ్ల పడ్తయనుకున్న" అన్నాడు. చేతులు మండుతున్నా నవ్వాడు.

ఇంటాయన మాత్రం నవ్వలేదు. మొహం పాలిపోయి ఉంది. "సాలు. ఇగ ఎక్కొద్దు, మీకేమన్న అయితే నేనేం జవాబియ్యాలె? జేసీబీకి ఫోన్ చేస్త" అని జేబులోంచి ఫోను తీశాడు.

బండిలో ఇంకో తాడు ఉంది, మాను మీద ఈ జిడ్డు లేకపోతే నేను ఎక్కగలను అని చెప్పాను. కానీ చెట్టు పసుపు ఎలా తుడుస్తాను? అది నేను చేయగలిగిన పని కాదు. అవ్వ కోడలు, చుట్టుపక్కల ఆడవాళ్లు చూస్తున్నారు. తుడవమని అడగడానికి కూడా నాకు నోరు రాలేదు.

అవ్వ మంచం మీద నుంచి లేచింది. ఇంటి వెనక్కి పోయి, కట్టెల పొయ్యిలోంచి చాటెడు బూడిద, ఒక గోనెపట్ట తెచ్చింది. చెట్టు దగ్గర ఒక క్షణం నిలబడింది. పెదవులు కదిలాయి. తర్వాత బూడిద చల్లి, గోనెపట్టతో మాను రుద్దడం మొదలుపెట్టింది. రాత్రి తాను పూసిన పసుపునంతా తానే తుడిచేసింది.

"అత్తా, శుక్రవారం పూట గదేం పని?" అని కోడలు అరిచింది.

"అమ్మ ఏమనుకోదు. మనిషి ఎక్కాలె" అంది అవ్వ, వెనక్కి తిరగకుండానే.

దేవుని ముందు పెట్టబోయే కానుకను అక్కడే వదిలి, ముందు సాటి మనిషి సంగతి చూడమని ప్రభువు చెప్పిన మాట మీద నేను ఎన్నో ప్రసంగాలు విన్నాను. నేను కూడా సంఘంలో ఒకసారి దాని మీద మాట్లాడాను. ఆ పొద్దున ఆ ముసలి చేతులు మాను మీద పైకీ కిందికీ పోతుంటే, ఆ మాట నాకు మొదటిసారి అర్థమైనట్టనిపించింది. నేనూ ఒక గోనెపట్ట తీసుకుని, ఆమెకు అందని చోట రుద్దాను.

ఇక తాడు ఎవరు పట్టాలి? తమ్ముడి చేతులు తాడు పట్టే స్థితిలో లేవు. ఇంటాయన ఫోను చేతిలో పట్టుకునే నిలబడి ఉన్నాడు. ఇంకా కలపలేదు. వాళ్లమ్మను చూశాడు. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

"ఎట్ల పట్టాలెనో చెప్పు" అన్నాడు తమ్ముడితో.

మా నాయన ఇలాంటి ఇళ్ల పొలాల్లో కూలి చేసినవాడు. ఆ ఇంటి మనిషి నా తాడు పడతాడని మా నాయనకు చెప్తే నమ్మేవాడు కాదు. తమ్ముడికి మాత్రం అదేమీ పట్టలేదు. చేతులకు తడిగుడ్డ చుట్టుకుని, దొరికిందే సందుగా ఆయన మీద పెత్తనం మొదలుపెట్టాడు.

"పటేలా, గట్ల గాదు, కడీకి చుట్టు ఎయ్యి. కాలు తన్నిపట్టు. సూపు మీదికే ఉండాలె. దోమ కుట్టినా గోకొద్దు."

"నువ్వు మా సూపర్‌వైజర్ లెక్కనే ఉన్నవయ్యా."

"మీ సూపర్‌వైజర్ తాన తప్పయితే మాల్ ఖరాబైతది. ఈడ తప్పయితే మా అన్న ఖరాబైతడు."

బూటు అడుగు కూడా బూడిదతో రుద్దుకుని, కొత్త తాడుతో మళ్లీ ఎక్కాను. బూటు గట్టిగా పట్టింది. కొమ్మ చివర్ల నుంచి మొదలుపెట్టి, ప్రతి ముక్కకూ ఇంకో తాడు కట్టి కోసి, దాన్ని పై కొమ్మకు చుట్టి నేనే నెమ్మదిగా కిందికి వదిలాను. ఎండ నెత్తి మీదికి వచ్చింది. రంపపు పొట్టు కళ్లలో పడుతోంది. ఎప్పుడు కిందికి చూసినా ఇంటాయన కళ్లు నా మీదే ఉన్నాయి. చివరి బరువైన దుంగ చీలిక దగ్గర టక్కుమని విడిచి, తాడు మీద ఊగి, రేకులకు మూరెడు ఎడంగా నేలకు దిగింది. ఎవరో చప్పట్లు కొట్టారు. గాయాన్ని నున్నగా కోసి, నీళ్లు నిలవకుండా వాలు పెట్టి దిగాను.

ఇంటాయన తాడు వదలకుండా అలాగే నిలబడి ఉన్నాడు. "ఇగ ఇడువు పటేలా, దిగిండు" అని తమ్ముడు చెప్పాల్సి వచ్చింది. ఆయన వెళ్లి చెట్టు చుట్టూ తిరిగాడు. నేను తట్టినట్టే తట్టాడు. మిగిలిన కొమ్మలను ఒక్కొక్కటే చూశాడు. తర్వాత ఫోను చేసి, "వద్దులే, చెట్టు ఉంటది" అని పెట్టేశాడు. అవ్వ అది విన్నది. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

మేం తాళ్లు చుట్టి, కొమ్మలు నరికి కుప్ప వేసేసరికి లోపల నుంచి బెల్లం ఉడికిన వాసన వచ్చింది. చెట్టు నిలిచినందుకు అవ్వ తల్లికి పరమాన్నం వండింది. రాయి ముందు ఆకులో పెట్టి, దీపం వెలిగించి, తమ్ముణ్ణి పిలిచి బొట్టు పెట్టి తినమంది. నేను కాళ్లు కడుక్కునే నెపంతో పక్కకు జరిగాను. విగ్రహానికి పెట్టింది నేను తినను. చిన్నప్పుడు బడిలో ప్రసాదం పంచినా తీసుకోలేదు. ఇన్నేళ్లలో ఎన్నో ఇళ్లలో ఆ కాసేపు నాకు ఇబ్బందిగానే ఉండేది. వద్దంటే పెట్టినవాళ్ల మొహం చిన్నబోతుంది.

అవ్వ నా దగ్గరికి వచ్చింది. చేతిలో మూతపెట్టిన స్టీలు గిన్నె.

"గిది నీది" అంది.

నేను చెయ్యి చాపకముందే తనే అంది, "తల్లికి పెట్టకముందే తీసి ఎత్తిపెట్టిన బిడ్డా. పొయ్యి మీదికెల్లి సక్కగ నీ గిన్నెలకే వచ్చింది. మీ దేవునికి చెప్పుకొని తిను."

చెట్టు నీడలో మంచం మీద కూర్చున్నాను. తల వంచి, కళ్లు మూసుకుని కృతజ్ఞత చెప్పుకున్నాను. ఎప్పటికన్నా కొంచెం ఎక్కువసేపే పట్టింది. "సల్లారుతది, జల్దీ కానీ" అంది అవ్వ. మూత తీశాను. ఇంకా పొగలు వస్తున్నాయి.