మా బావ కాలి మీద మోపిన నింద

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నేను చెప్పిన అబద్ధాలన్నీ తక్కెడలో ఒక తట్టలో వేసి, దీన్నొక్కదాన్నీ రెండో తట్టలో వేస్తే, ఇదే దిగుతుంది. చెప్పినవి తక్కువేం కాదు. మా ఉక్కునగరంలో ఏ సెక్టారులో అడిగినా నేను కోతలరాయుణ్ణనే చెబుతారు. కొలిమి పక్కన పెట్టిన గుడ్డులోంచి వేగిన కోడి నడుచుకుంటూ వచ్చి షిఫ్టు బస్సెక్కిందని చెప్పినవాణ్ణి. ఇది ఆ జాతిది కాదు. మీరు నన్నెరగరు, అందుకే మీకు చెబుతున్నాను. ఎరిగినవాళ్లు నవ్వుతారు. వాళ్ల నవ్వంటే నాకిప్పుడు ఒళ్లు మంట.

మా బావ, అంటే అక్క మొగుడు, పోర్టులో క్రేన్ నడిపేవాడు. గాజు సామాన్ల పెట్టెనైనా చప్పుడు లేకుండా ఓడలోంచి దించుతాడని పేరు. ఆ పేరే ఆయన ఆస్తి. ఒక పాత కారు కొన్నాడు. కొన్నాళ్లకు దాని బ్రేకులు మెత్తబడ్డాయి. మెకానిక్‌కి చూపిద్దామంటే నేనే అడ్డుపడ్డాను. "దొంగలు బావా ఆళ్లు. లైన్లో గాలి తీడమేగా, మా క్వార్టర్ ముందు పెట్టు, నాను తీసేత్తాను."

బ్రేకు ఆయిల్ పారే గొట్టంలో గాలి చేరితే పెడల్ మెత్తబడుతుంది. దాన్ని తీయడం నిజానికి పెద్ద పనేం కాదు. ఒకరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కిపట్టాలి. ఇంకొకరు చక్రం దగ్గరున్న నిపుల్ అనే చిన్న మర వదులు చేస్తే, పాత ఆయిల్‌తో పాటు బుడగలు బయటికొస్తాయి. నిపుల్ బిగించాకే కాలు తీయాలి. మధ్యమధ్యలో బానెట్ కింద ఆయిల్ డబ్బా చూసుకుంటూ ఉండాలి. అది ఖాళీ అయిందా, కొత్తగా గాలి లోపలికి పోతుంది. పని మళ్లీ మొదటికొస్తుంది.

డబ్బా చూడాల్సింది నేను. నేనేమో కథ చెబుతున్నాను. బావ నవ్వుతూ తొక్కుతున్నాడు, అక్క మెట్టు మీద రొయ్యలు ఒలుస్తూ నవ్వుతోంది. ఇద్దరు నవ్వుతుంటే నేను ఆగుతానా? ఆఖరి చక్రం దాకా వచ్చి, లేచి తొంగిచూస్తే డబ్బా అడుగు కనిపించింది.

అప్పుడు నోరు తెరిచి చెప్పాలి. ఎందుకు చెప్పలేదు? పక్కనే ఉన్న కూర్మన్నపాలెం వెళ్లి ఇంకో ఆయిల్ సీసా తేవడం ఎంత పని? అడ్డమొచ్చింది పని కాదు. మెకానిక్‌లను దొంగలన్న నోటితోనే, అక్క ముందు, నాకు చేతకాలేదని అనాల్సి రావడం. మిగిలిన కాస్త ఆయిలూ పోసి, మూత పెట్టి, అయిపోయిందన్నాను.

బావ పెడల్ తొక్కాడు. మొహం మారింది.

"ఏటి బావా, మొదటి తొక్కుకి ములిగిపోతంది? మూడోదానికి గానీ గట్టిగా తగల్లేదు."

"కొత్తాయిల్ కొత్తకోడలు లాంటిది బావా. రెండ్రోజులు మెత్తగా ఉంటాది. తర్వాత సూడు, నీకే ఎదురు సెప్తాది."

"మీ అక్క ఆ రెండ్రోజులూ కూడా మెత్తగా లేదు బావా!"

అక్క రొయ్య పొట్టు ఆయన మీదికి విసిరింది. ముగ్గురం నవ్వాం.

మర్నాడు వాళ్లిద్దరూ సింహాచలం వెళ్లారు. కొండ దిగుతుంటే ఒక మలుపులో పెడల్ నేలకు ఆనిపోయింది. బావ కారుని లోయ వైపు పోనివ్వకుండా రాతి వైపు కొట్టాడు. అందుకే బతికారు. అక్క మోచెయ్యి నుజ్జయింది.

ఆసుపత్రి వరండాలో చుట్టాలు మూగారు. ఏమైందంటే ఏమైందని. నుదుటికి కట్టుతో బావ నా వైపు చూశాడు, కారణం నాకు తెలిసుంటుందన్నట్టు. తెలుసు. నా నోరు మాత్రం దాని పని అది చేసుకుపోయింది.

"సిన్న గేరెయ్యకుండా కొండంతా బ్రేకు మీద కాలేసుకునే దిగినాడు మా బావ. సక్రాల్లోంచి పొగ! ఆ పొగకి కోతులన్నీ సుట్టూ సేరి సలి కాసుకున్నాయంట!"

ఘాట్ రోడ్డులో అలా దిగితే బ్రేకులు వేడెక్కి పట్టకపోవడం ఉన్నదే. అందుకే బావ కూడా కాదనలేకపోయాడు. అందరూ నవ్వారు. లోపల చెయ్యి విరిగిన ఆడమనిషి మూలుగుతుంటే బయట నవ్వారు, దరిద్రులు! వాళ్లను తిడుతున్నానేంటి? నవ్వించింది ఎవడు?

ఆ కోతులు పోర్టు దాకా వెళ్లాయి. బావ క్రేన్ ఎక్కుతుంటే కింద నుంచి కేకలు: "సలేత్తంది బావా, ఓపాలి బ్రేకెయ్!" కొన్నాళ్లకు లివరు మీద చెయ్యి తడబడుతోందని తనే చెప్పుకుని, క్రేన్ దిగిపోయి, స్టోరులో పని వేయించుకున్నాడు. కారు మళ్లీ ముట్టుకోలేదు. అక్క మోచెయ్యి ఇప్పటికీ సరిగ్గా మడవదు. జడ వేసుకోబోయి చెయ్యి దించేసిన ప్రతిసారీ "నీ కాలు పాడుగాను" అని ఆయన్నే తిడుతుంది. ఆయన తలొంచుకుని దువ్వెన అందుకుని జడ వేస్తాడు.

అది చూసినప్పుడల్లా నాకు ఆయన మీదే కోపమొస్తుంది. ఎందుకు నమ్మావయ్యా? పెడల్ మునిగిపోతోందని నీ కాలే నీకు చెప్పింది కదా. దాన్ని కాదని నా నోటినెందుకు నమ్మావు? ఎంత సిగ్గుమాలిన కోపమో చూడండి. మోసం చేసినవాడు, మోసపోయినందుకు ఎదుటివాణ్ణి తిట్టుకుంటున్నాడు.

ఈమధ్య పెందుర్తిలో వాళ్లింటికి వెళ్లి, అక్క లేని సమయం చూసి, మొత్తం చెప్పేశాను. ఖాళీ అయిన డబ్బా, లోపలికి పోయిన గాలి, నేను కల్పించిన పొగ, అన్నీ. బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"నాను బాధపడతన్నానని నా తప్పు నీ మీదేసుకుంటన్నావ్. నీలాంటి బావమరిది ఎవుడికుంటాడు?"

కాదని అరవాలి. అరవలేదు. నా నిజం ఆయనకు జాలిలా కనిపించింది. ఆ మంచితనాన్ని కూడా నేనే జేబులో వేసుకుని, ఆయనిచ్చిన టీ తాగి వచ్చేశాను. ఆసుపత్రిలో అబద్ధం భయంతో ఆడాను. మరి ఇది? దీనికేం పేరు పెట్టాలి? ఆయన్ని రెండోసారి ఆ కొండ మీద వదిలేసి వచ్చినట్టు కాదూ?

అందుకే ఈ రాత. మీరు నా చెయ్యి పట్టుకోలేరు. క్షమించమని నేను అడగడమూ లేదు. డబ్బా చూడనిది నేను. లోపల గాలి ఉందని తెలిసీ కారు ఇచ్చింది నేను. ఆ మలుపులో మా బావ చెయ్యగలిగిందంతా చేశాడు, చేసి మా అక్కను బతికించాడు. ఆసుపత్రి వరండాలో నేను అనాల్సిన మాట ఇదీ. ఇన్నాళ్లకు అన్నాను. ఒళ్లు ఇంకా మండుతూనే ఉంది, ఊపిరి మాత్రం కాస్త ఆడుతోంది.