ఇసుకలో రెండు చాళ్ళు

మామ పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను హిందూపురంలో పిల్లల జవాబు పేపర్లు దిద్దుతున్నాను. మధ్యాహ్నం అన్నం తిని, షెడ్డులో కారు పక్కన మంచం వాల్చుకుని పడుకున్నాడట. నిద్రలోనే వెళ్ళిపోయాడు. మా అమ్మకు తమ్ముడు, నాకు మేనమామ. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు మాత్రం ఒక పిచ్చి ప్రశ్న వచ్చింది: మరి ఆ డిఫరెన్షియల్ సంగతి ఏమైనట్టు?

మీకు కాస్త వెనకటి కథ చెప్పాలి. సోమందేపల్లెలో మామకు బోరు మోటార్లు బాగుచేసే షాపు. కరువు నేలలో ఆ పనికి తీరిక ఉండదు, మామ మాత్రం తీరికగానే ఉండేవాడు. బెంగళూరులో ఎవరో వదిలించుకున్న పాత స్పోర్ట్స్ కారును మనసుపడి తెచ్చుకున్నాడు. ఎర్రది, రెండే తలుపులు, నేలను రాసుకుపోయేంత కిందుగా ఉండేది. అది పోతుంటే గొర్రెలు కూడా మేత మాని చూసేవి.

తెచ్చిన కొత్తలో అత్తను ఎక్కించుకుని ఆమె పుట్టింటికి బయలుదేరాడు. ఆ ఊరికి అడ్డంగా ఏరు. నీళ్ళు ఎప్పుడో గానీ రావు, ఉన్నదంతా ఇసుకే. నడి ఏట్లో కారు దిగబడింది. ఒక వెనక చక్రం గిర్రున తిరిగి గుంత తవ్వుకుంది, రెండోది ఉలుకూ పలుకూ లేకుండా నిలబడింది. ఒడ్డున పుట్టింటివాళ్ళంతా చూస్తుండగా అత్త పట్టుచీర ఎత్తిపట్టుకుని ఇసుకలో నడిచింది. ఆ రోజే తేల్చి చెప్పింది.

"ఇది ఈ ఏరు దాటుతాదంటే చెప్పు, అప్పుడెక్కుతా. అంతదాకా నాకు బస్సుండాది."

అత్త మాటంటే మాటే. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని ఏరు దాటించడం ఒక్కటే మామకు ఉన్న కోరిక.

"తప్పు చక్రాలది కాదమ్మీ," అనేవాడు నాతో. "రెండిటి నడిమిట్ల ఉండే పళ్ళచక్రాల డబ్బా, ఆ డిఫరెన్షియల్‌ది. ఏ చక్రం జారితే బలమంతా దానికే పోతాది. ఒక ఎద్దు కాలు జారితే రెండోది లాగల్లా వద్దా?"

రెండు చక్రాలూ కలిసి లాగే రకం అదే కంపెనీవాళ్ళ పెద్ద కారులో ఉంటుందని తెలుసుకుని పాతసామాన్ల అంగళ్ళన్నీ తిరిగాడు. దొరికినదాన్ని తెచ్చి బల్లమీద పెట్టుకున్నాడు. కిరోసిన్‌తో కడిగి, పళ్ళమీద వేలు పెట్టి మెల్లగా తిప్పుతూ కూర్చునేవాడు. పిలిచినా పలికేవాడు కాదు. బయట కొండమీద గాలిమరలు తిరుగుతుండేవి, లోపల ఇది తిరుగుతుండేది. ఏది దేన్ని తిప్పుతోందో తెలియక నేనూ అలా చూస్తుండిపోయేదాన్ని.

బిగించడానికి మామ చిన్ననాటి స్నేహితుడు, మెకానిక్ భాయ్ వచ్చాడు. వేరే కారుది కదా, బోల్టు రంధ్రాలు కలవలేదు. ఇద్దరూ వాదించుకుని, టీ తాగి, మళ్ళీ వాదించుకుని, చివరికి తలకిందులు చేసి పెడితే చక్కగా కూర్చుంది. ఆ సంతోషంలో ఇంకేమీ ఆలోచించలేదు. శుక్రవారం పొద్దున అత్త బానెట్‌కు పసుపు కుంకుమ పెట్టింది. చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టారు. వీధంతా చేరింది. మామ కొబ్బరికాయ కొట్టి, దర్జాగా ఫస్టు గేరు వేశాడు. కారు వెనక్కి పోయి గేదెల తొట్టిని గుద్దింది. నిమ్మకాయలు నలగకుండా ఉన్నచోటే ఉన్నాయి.

"ఏమన్నా, ఇంక ముందుకు పోవల్లంటే రివర్సు ఎయ్యల్లా?" అన్నాడు భాయ్ తల పట్టుకుని. తలకిందులుగా బిగిస్తే చక్రాలు ఎదురు తిరుగుతాయని అప్పటికి గానీ ఇద్దరికీ తట్టలేదు. అత్త పడీపడీ నవ్వి, ఆ నిమ్మకాయలతోనే చిత్రాన్నం కలిపింది. అందరికంటే ఎక్కువ తిన్నది మామే.

"పోనీలేప్పా, ఎదురు తిరిగినా రెండూ కల్సే తిరిగినాయి గదా!"

మామలో నాకు నచ్చింది అదే. బోరు ఎండిపోయి దిగులుగా వచ్చిన రైతుకు కూడా "నీళ్ళు యాడికి పోతాయప్పా, కిందనే ఉంటాయి" అని చెప్పి ముందు టీ తెప్పించేవాడు. నాకు కారు నడపడం నేర్పిందీ ఆయనే. ఎన్నిసార్లు ఇంజను ఆపేసినా ఒక్క కసురు కసరలేదు.

పెద్దకర్మ, మా వైపు పెద్దదినం అంటాం, అయ్యాక ఆచారం ప్రకారం అత్తను ఒక రాత్రి నిద్రకు పుట్టింటికి తీసుకుపోవాలి. ఆమె అన్నలు జీపు తెచ్చారు. అత్త ఎక్కలేదు. షెడ్డు వైపు చూసి, "అమ్మీ, దాన్ని తియ్యి," అంది.

మళ్ళీ నడి ఏట్లో దిగబడితే మామ కోరిక ఆయనతో పాటే పోతుంది. డిఫరెన్షియల్ మళ్ళీ సరిగ్గా బిగించారా అని భాయ్‌ని అడిగాను.

"సరిగ్గా తిప్పి బిగిచ్చినాం పాపా. మర్నాడు ఏటికి తీసకపోదామనుకుంటిమి. అంతలోకే పాయె," అన్నాడు. జేబులోంచి నిమ్మకాయలు తీసి చక్రాల ముందు పెట్టాడు.

ఈసారి నలిగాయి.

సాయంత్రపు ఎండలో ఏరు నిండుగా నీళ్ళున్నట్టే మెరుస్తోంది. ఇసుకలోకి దిగగానే స్టీరింగు తేలిపోయినట్టయింది. నడిమికి వచ్చాక వెనక ఒక చక్రం జారింది. అంతలో రెండోది పట్టుకుని లాగింది. అత్త మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని, ముందుకే చూస్తూ కూర్చుంది.

ఒడ్డెక్కాక ఆపమంది. దిగి వెనక్కి తిరిగింది. ఆ ఒడ్డు నుంచి మా కాళ్ళ దాకా ఇసుకలో రెండు చాళ్ళు, ఎక్కడా తెగకుండా.

"దాటినాది సూడు," అంది. నాతో కాదు.

గాలి లేచింది. దూరంగా అవతలి ఒడ్డు దగ్గర చాళ్ళు ఒక్కొక్క రేణువే పూడుతున్నాయి. అవి మా దాకా పూడి వచ్చేవరకూ అత్త అక్కడే నిలబడింది.